పరుల నొప్పికి కొలబద్ద ఉందా?

 

ఎగువ అహోబిలం నడిచిపోయినవాళ్లు జ్వాలా నరసింహుడి దగ్గర ఆ విగ్రహాన్ని చూసే ఉంటారు. హిరణ్యకశిపుణ్ణి తొడలమీద వేసుకొని గోళ్లతో పొట్ట చీల్చే విగ్రహం. అదే కథను మన పల్లెల్లో నాటకంగా ఆడతారు, తోలుబొమ్మలుగా ఆడిస్తారు. పసివాడు ప్రహ్లాదుణ్ణి కొండమీదినుంచి తోసేటప్పుడు ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఇంకాసేపటికి ఒక మనిషి పేగులు బయటికి లాగుతుంటే అదే జనం చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు. చూసే కళ్లు అవే, గుండె కూడా అదే. ఒక నొప్పికి కరిగింది, ఇంకో నొప్పికి పండగ చేసుకుంది. ఎందుకిట్లా?

"వాడు రాక్షసుడు కదా" అంటారు. సరే, రాక్షసుడని మనకు చెప్పిందెవరు? జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు ఈ కథను ఓడిపోయినవాడి వైపునుంచి చదివి చూపించాడు. ఆ చర్చలోకి ఇప్పుడు పోవద్దు. ఇక్కడ మనకు కావలసింది ఒక్క సంగతి. ఎదుటి మనిషి నొప్పి మన ఒంటిని తాకేలోపే, ఆ మనిషి ఎవరు, మనవాడా కాదా అనే లెక్క లోపల ఎక్కడో జరిగిపోతోంది. ఆ లెక్కను ఇప్పుడు శాస్త్రజ్ఞులు యంత్రాలు పెట్టి కొలుస్తున్నారు. ఆ కొలతలేందో, ధమ్మంలో నడిచే మనం వాటిని ఎంతవరకు పట్టించుకోవాలో చూద్దాం.

కొలిచేది ఎట్లాగంటే, మొదటిది చెమట. మనసు కదిలినప్పుడు అరచేతిలో, వేళ్లలో సన్నగా చెమట పడుతుంది, మనకే తెలియనంత సన్నగా. రెండు వేళ్లకు రెండు తీగలు తగిలిస్తే ఆ తడికి కరెంటు సులువుగా పారుతుంది, సూది లేస్తుంది. రెండోది గుండె. ఎదుటివాడి మీద ధ్యాస పెట్టినప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది, మనకే భయం పుట్టినప్పుడు వేగం పెరుగుతుంది. కనుబొమల మధ్య ముడిపడే కండరాన్ని కూడా కొలుస్తారు. ఇక పెద్ద యంత్రం ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువ చేరుతోందో అది చూపిస్తుంది. 2004లో తానియా సింగర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు లండన్‌లో 16 మంది స్త్రీలను ఈ యంత్రంలో పడుకోబెట్టారు. పక్కన వాళ్ల భర్తో ప్రియుడో కూర్చున్నాడు. ఒకసారి ఆమె చేతికి, ఒకసారి అతని చేతికి చిన్న కరెంటు షాకు ఇచ్చారు. షాకు అతనికి తగిలినప్పుడు కూడా ఆమె మెదడులో ఇన్సులా అనే భాగం, దానితో పాటు ఇంకో భాగం, తనకే తగిలినట్టు పనిచేశాయి. నొప్పి ఎక్కడ పుట్టింది, ఎంత గట్టిగా తగిలింది అని చెప్పే భాగాలు మాత్రం మేలుకోలేదు. అంటే చేతిలోని మంట ఆమెకు రాలేదు, ఆ మంటలోని బాధ వచ్చింది.

ఇది వింటే మన పాలి మాట ఒకటి గుర్తుకు రావాలి. అనుకంప. మనం దీనికి దయ అని అర్థం చెప్పుకొని వదిలేస్తాం. 'కంప' అంటే వణకడం, కంపించడం. 'అను' అంటే వెంబడి. ఎదుటివాడు వణికితే వాడి వెంబడి వణకడమే అనుకంప. అయిదో శతాబ్దంలో 'విసుద్ధిమగ్గ' రాసిన బుద్ధఘోషుడు (ఆయన మన ఆంధ్ర దేశంవాడేనని కొందరు పండితుల మాట) కరుణకు అర్థం చెబుతూ, పరుల దుఃఖం చూసినప్పుడు మంచివాళ్ల గుండెలో పుట్టే కంపం అది అన్నాడు. అంటే యంత్రాలు రాకముందే మనవాళ్లు కరుణను ఒంటిలో జరిగే సంగతిగా పట్టుకున్నారు. అది నాలుకమీది మాట కాదని వాళ్లకు తెలుసు. వణకని గుండెతో ఎన్ని గాథలు చదివినా చదివినట్టు కాదు.

అయితే ఆ వణుకు అందరికోసమూ పుడుతోందా? ఇక్కడే అసలు కథ ఉంది.

2010లో ఇటలీలో అలెస్సియో అవెనాంటి, మరికొందరు ఒక ప్రయోగం చేశారు. ఒక చేతిలోకి సూది దిగుతున్న వీడియో చూపిస్తారు. చూసేవాడి తలమీద అయస్కాంతపు చుట్ట పెట్టి, వాడి చేతి కండరం ఎంత ఎగురుతుందో కొలుస్తారు. ఎదుటి చేతిలో సూది దిగితే మన చెయ్యి కూడా తెలియకుండానే బిగుసుకొని వెనక్కి తగ్గుతుంది. ఆ తగ్గడమే ఇక్కడ కొలత. తెల్లవాళ్లకు తెల్లచెయ్యి చూపిస్తే కొలత పడింది, నల్లచెయ్యి చూపిస్తే పడలేదు. ఇటలీలో ఉంటున్న నల్లవాళ్లకు నల్లచేతికి పడింది, తెల్లచేతికి పడలేదు. లోలోపలి పక్షపాతం ఎవరిలో ఎంత ఎక్కువగా ఉందో, వాళ్లలో ఈ తేడా అంత పెద్దదిగా ఉంది. "అలవాటు లేని రంగు కదా, అందుకే" అని ఎవరైనా అంటారేమోనని వాళ్లు మూడో చెయ్యి కూడా చూపించారు. ఊదారంగు పులిమిన చెయ్యి. లోకంలో ఎక్కడా లేని చెయ్యి. దానిలో సూది దిగినప్పుడు తెల్లవాళ్ల చేతులూ బిగిశాయి, నల్లవాళ్ల చేతులూ బిగిశాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఎన్నడూ చూడని వంకాయరంగు చేతిమీద జాలి పుట్టింది. రోజూ పక్కన కనబడే మనిషి చేతిమీద పుట్టలేదు. ఎందుకంటే ఊదారంగు మనుషులు తక్కువవాళ్లని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. వాళ్లగురించి పురాణం లేదు, సామెత లేదు, తాత చెప్పిన మాట లేదు. గుండె తనంతట తాను వణికేదే. వణక్కుండా ఆపడానికే చదువు కావాలి, ఆ చదువు పేరే వర్ణం, జాతి, కులం.

మన దేశంలో సంగతి ఇంకో రకం. ఇక్కడ చెయ్యి చూసి కులం చెప్పలేం. రాయలసీమ ఎండకు మాడిన చేతులన్నీ ఒకే రంగు. అందుకే మనవాళ్లు చేతిని చూడరు, నోటితో అడుగుతారు. "యా ఊరు? ఎవురి తాలూకు? ఇంటిపేరేంది?" ఆళ్లగడ్డ బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దమనిషి నవ్వుతూ అడిగే మూడు ప్రశ్నలు ఇవే. జవాబు అందేదాకా ఆ మొహంలో ఒక రకం ఆప్యాయత ఉంటుంది. జవాబు అందిన తర్వాత, మీలో చాలామందికి తెలుసు, ఏదో ఒకటి సన్నగా ఆరిపోతుంది. అది వేళ్లకు తీగలు తగిలించక్కరలేకుండానే మనకు కనబడే కొలత. దోసిలి పట్టమని పైనుంచి నీళ్లు పోసిన చేతులు, హోటల్లో రెండో గ్లాసు చూరుకింద పెట్టిన చేతులు, ఎదుటి చెయ్యి చెయ్యిలాగే ఉందని చూడకనా అట్లా చేశాయి? చూశాయి. పేరు విన్నాక వణుకు ఆగిపోయింది.

బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో చెప్పింది ఈ సంగతే. హిందువు జాలి, దానం, మెచ్చుకోలు కులం గడప దగ్గర మొదలై కులం గడప దగ్గరే ముగుస్తాయని ఆయన లెక్కగట్టి చెప్పాడు. ఆయన చేతిలో యంత్రాలు లేవు. మహద్ చెరువు అనుభవం ఉంది, బరోడాలో ఉండటానికి ఇల్లు దొరకని అనుభవం ఉంది.

మన దగ్గరి కథ కారంచేడు. 1985 జూలై 16. దళితులు తాగే చెరువు మెట్లమీద గేదెల బకెట్లు కడిగి నీళ్లు మురికి చేస్తుంటే ఒక దళిత యువకుడు ఇదేందని అడిగాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకోసం వచ్చిన మున్నంగి సువార్త చూసింది, అడ్డం పోయింది, ఆమెమీదికీ వస్తే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, వందలమంది ఆ పేటమీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఇంతమంది చరిత్ర రాశారు గానీ ఆ బిందె ఎత్తిన క్షణాన్ని కరుణ అని ఎవరూ అనలేదు, ధిక్కారం అన్నారు. ధిక్కారమే, కాదనను. దానికంటే ముందు అది అనుకంప. దెబ్బ పడబోయేది ఇంకొకరి ఒంటిమీద, కదిలింది ఆమె చెయ్యి. ఆ మర్నాడు పొలాల్లోకి తరిమి తరిమి నరికినవాళ్లకు కూడా ఇన్సులా ఉంది. ఇంటికిపోయి బిడ్డకు ముల్లు గుచ్చుకుంటే వాళ్ల గుండె కూడా విలవిలలాడేదే. వాళ్లు రాతిమనుషులై ఉంటే మనకు సమస్య సులువయ్యేది. వాళ్లు మామూలు మనుషులు కావడమే భయం పుట్టించే సంగతి.

ఈ గీత కులందే కానక్కరలేదు కూడా. 2010లోనే జ్యూరిక్‌లో ఫుట్‌బాల్ అభిమానులమీద ఒక పరిశోధన వచ్చింది. షాకు తినేది తమ జట్టు అభిమాని అయితే ఇన్సులా మేలుకుంది, "వాడి నొప్పిలో సగం నేను తీసుకుంటా" అన్నారు. ఎదుటి జట్టు వాడయితే కొందరి మెదడులో సంతోషాన్ని చూపే భాగం కదిలింది, వాళ్లే సాయం చెయ్యనిది. మన ముఠా కక్షల పల్లెల్లో పుట్టిపెరిగినవాళ్లకు ఇది జ్యూరిక్ నుంచి రావలసిన వార్త కాదు. ఒక వీధిలో ఏడుపు, పక్క వీధిలో టపాకాయలు. రెండు వీధులకూ మధ్య ఒక మురిక్కాలువ అంతే.

మరి ఈ కొలత మారుతుందా? మారుతుందని 2016లో స్విట్జర్లాండ్‌లో గ్రిట్ హైన్, ఆమె తోటి పరిశోధకులు చూపించారు. తమవాళ్లు కారనుకునే మనిషి ఒకడు తన డబ్బు వదులుకొని మనల్ని షాకునుంచి తప్పించాడని తెలిస్తే, అట్లా కొన్నిసార్లు జరిగితే చాలు, ఆ మనిషి నొప్పికి మన మెదడు స్పందించడం మొదలైంది. ఆ గుంపులోని వేరేవాళ్ల నొప్పికి కూడా.

బాగానే ఉంది. కానీ మీకు ఇక్కడ ఒక ప్రశ్న రాకపోతే మీరు సరిగా చదవలేదన్నమాట. మనవాళ్లు ఊరికి సాయం చెయ్యనిది ఎప్పుడు? పురుడు పోసింది మనం, గొడ్డు చస్తే లాగేసింది మనం, చెప్పు కుట్టింది, డప్పు కొట్టింది, శవం కాల్చింది, కోతకు వంగింది మనం. వెయ్యేళ్ల సాయం. ఊరి గుండె ఎందుకు మారలేదు? ఆ పరిశోధనలోనే జవాబు ఉంది. నేర్చుకోవడం జరిగింది ఆశ్చర్యంవల్ల. "వీడు నాకు సాయం చేస్తాడని అనుకోలేదే, చేశాడే" అనే ఆ చిన్న తుళ్లింతే మెదడుకు పాఠం. వెట్టిలో ఆశ్చర్యం ఎక్కడిది? అది సాయం కాదు, వాడి ధర్మం, వాడి కర్మ, చెయ్యాల్సిందే అని ముందే రాసిపెట్టారు. చేస్తే లెక్కలోకి రాదు, చెయ్యకపోతే నేరం. సేవ చేసీ చేసీ ఎదుటివాడి మనసు మారుస్తామని చెప్పేవాళ్లు మనకు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట ధమ్మం పక్కనుంచి చూసినా శాస్త్రం పక్కనుంచి చూసినా నిలవదు. సమానులుగా, ఇష్టపూర్వకంగా ఇచ్చిపుచ్చుకున్నప్పుడే ఒకరి మనసులోకి ఒకరు ఇంకుతారు. బాబాసాహెబ్ సౌభ్రాతృత్వం అన్నది దానినే. గోడకు అవతలి నీళ్లు ఇవతలికి ఊరినట్టు బతుకులు ఒకదానిలోకి ఒకటి ఊరాలన్నాడు.

ఇంతవరకు చదివి "అయితే అందరికీ తీగలు తగిలించి ఎవడికి కరుణ ఉందో తేల్చేద్దాం" అనుకోకండి. యంత్రం కూడా తప్పుదోవ పట్టిస్తుంది. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెనెట్ అనే ఆయన ఒక చచ్చిన చేపను స్కానరులో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, "ఈ మనిషి మనసులో ఏముంది చెప్పు" అని అడిగాడు. లెక్కలు జాగ్రత్తగా చెయ్యకపోతే ఆ చచ్చిన చేప మెదడులో కూడా చుక్కలు వెలిగాయి! అట్లా వెలుగుతాయని చూపించడానికే చేశాడు లెండి. మన సుప్రీంకోర్టు కూడా 2010 మే 5న సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్, నార్కో పరీక్షలు చెయ్యకూడదని తీర్పిచ్చింది. ఒంటి వణుకునుంచి మనసును చదవడం అంత తేలిక కాదు. పోలీసు స్టేషన్లో మన పిల్లల అరచేతులకు పట్టే చెమటను నేరం అని చదివే రోజు వస్తే ముందు నష్టపోయేది ఎవరో మీకు చెప్పక్కరలేదు.

ఇంకో చిక్కు ఉంది. వణుకు లేనంతమాత్రాన కరుణ లేదని కాదు. 2007లో తైవాన్‌లో సూదివైద్యం చేసే డాక్టర్లకు సూదులు గుచ్చే వీడియోలు చూపిస్తే, మామూలు జనంలో మేలుకున్న భాగాలు వాళ్లలో మేలుకోలేదు. వాళ్లు కసాయివాళ్లా? కాదు. రోజూ వణికితే సూది పట్టుకోలేరు. మన ఆశా కార్యకర్తను చూడండి, కాన్పు దగ్గర ఆమె ఏడవదు, ఏడ్చేది గడప బయట నిలబడ్డ మొగుడు. పనికొచ్చేది ఎవరు? ఎదుటివాడి నొప్పి చూసి మన ఒళ్లు మరీ అల్లాడితే మనం వాడిని చూడం, మన అల్లాటను చూసుకుంటాం, కళ్లు మూసుకుంటాం, అక్కడినుంచి పారిపోతాం. టీవీలో దాడి దృశ్యం రాగానే "అబ్బా, చూడలేను" అని చానెల్ మార్చేది దయలేనివాళ్లు కాదు, దయ ఉన్నవాళ్లే. బుద్ధఘోషుడు దీన్ని కూడా పట్టుకున్నాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు దుఃఖం. అది కరుణ వేషం వేసుకొని వస్తుంది, అందుకే ప్రమాదం. తానియా సింగరే తర్వాత మాథ్యూ రికార్డ్ అనే భిక్షువు తోడుతో చేసిన పనిలో ఇదే తేలింది. పరుల నొప్పిలో ఊరికే మునగడం నేర్పిస్తే మనుషులు కుంగిపోయారు, మేలు కోరడం నేర్పిస్తే మెదడులో వేరే భాగాలు మేలుకున్నాయి, వాళ్లు తేరుకున్నారు.

మన సీమలోనే దీనికి పెద్ద రాతి సాక్ష్యం ఉంది. కర్నూలు జిల్లాలో గుత్తినుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి. అక్కడి బండలమీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. పదమూడో శాసనంలో ఆయన కళింగ యుద్ధం లెక్క చెప్పుకున్నాడు. లక్షమంది చచ్చారు, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారు, అది తలుచుకుంటే తనకు బాధగా ఉందని. గెలిచిన రాజు తన బాధను రాతిమీద చెక్కించడం లోకంలో చాలా అరుదు. కానీ నాకు అంతకంటే విలువైనదిగా కనబడేది రెండో శాసనం. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు, మందుమొక్కలు లేనిచోట తెచ్చి నాటించడం, దారివెంట బావులు, చెట్లు. గుండె కంపించిందని చెబితే నమ్మాలా వద్దా అనేది మన ఇష్టం. బావిని మాత్రం తాడేసి లోతు చూడొచ్చు. కరువు సీమలో పుట్టిన మనకు ఈ కొలత బాగా అర్థమవుతుంది.

అదే పదమూడో శాసనంలో ఒక నల్లమచ్చ కూడా ఉంది, దాచిపెట్టకూడదు. అడవి జనాలకు ఆయన ఒక హెచ్చరిక చేశాడు. పశ్చాత్తాపపడుతున్నా గానీ దండించే బలం నాకుంది, మాట వినండి అని. అంత కదిలిన గుండె కూడా అడవి అంచుదాకా వచ్చి ఆగింది. నల్లమలలో ఇప్పటికీ చెంచులు ఉన్నారు. అహోబిలంలో చెంచులక్ష్మిని దేవుడికిచ్చి పెళ్లిచేసి, సంక్రాంతి తర్వాత సుమారు నలభై రోజులు పారువేట పేరుతో పల్లెపల్లె తిరిగి ఆ పెళ్లికి పిలుస్తారు. పల్లకీ మీ వీధిదాకా వచ్చిందా లేదా అన్నది మీకే తెలుసు. నేనడిగేది వేరే. వియ్యాలవారైన ఆ చెంచుల బిడ్డకు జ్వరమొస్తే గూడెందాకా పోయే చెయ్యి ఎవరిది?

వినయపిటకంలో ఒక కథ ఉంది. ఒక భిక్షువు కడుపుజబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులు అటు పోలేదు, ఆయన మాకేం చేశాడు గనక అన్నారు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు, తానే నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి తల దగ్గర ఒకరు కాళ్ల దగ్గర ఒకరు పట్టి మంచమ్మీద పడుకోబెట్టారు. బుద్ధుడి గుండె ఎంత కొట్టుకుందో ఆ కథలో లేదు. ఎవరు తల పట్టారు, ఎవరు కాళ్లు పట్టారు అన్నది ఉంది.

ఇప్పుడు మన సంగతి. దీక్ష తీసుకున్న రోజు సకల ప్రాణులమీద కరుణ, మైత్రి చూపుతామని బాబాసాహెబ్ ఇచ్చిన ప్రతిజ్ఞల్లో మనం కూడా చేతులెత్తి అన్నాం. మరి మన సూది ఎవరి పేరు దగ్గర పడిపోతోంది? మాల ఇంట్లో మాదిగ పేరు వింటే, మాదిగ ఇంట్లో మాల పేరు వింటే, ఈ ఇద్దరి ఇళ్లలో రెల్లివాళ్ల పేరు వింటే ఏమవుతోంది? వర్గీకరణమీద ఎవరి వాదన వాళ్లది, అది ఉండొచ్చు. నేనడిగేది వాదన గురించి కాదు. ఎదుటి పేటలో పిల్లోణ్ణి కొట్టారని కబురొచ్చినప్పుడు మొదటి రెండు క్షణాల్లో మీ అరచేతిలో జరిగేదాని గురించి. పొద్దున్నే మురిక్కాలువలోకి దిగే మనిషిని, పొద్దుపోయేదాకా ఇంట్లో పనిచేసి అందరికన్నా చివర తినే ఆడమనిషిని కూడా ఇందులో కలుపుకోండి.

2013లో అమెరికాలోని బోస్టన్‌లో చేసిన ఒక చిన్న పరిశోధన చెప్పి ముగిస్తాను. కొందరు ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నారు, కొందరు నేర్చుకోలేదు. తర్వాత ఒక్కొక్కర్ని పరీక్ష అని చెప్పి గదికి పిలిచారు. బయట మూడు కుర్చీలు, రెండింటిలో మనుషులున్నారు, మూడోదాంట్లో వీళ్లు కూర్చున్నారు. అప్పుడు చంకకర్రలతో ఒక స్త్రీ మూలుగుతూ వచ్చి గోడకు ఆనుకుంది. పక్కనున్న ఇద్దరూ కావాలనే ఫోన్లు, పుస్తకాలు చూసుకుంటూ కదల్లేదు. ధ్యానం నేర్వనివాళ్లలో లేచి కుర్చీ ఇచ్చినవాళ్లు 16 శాతం. నేర్చినవాళ్లలో 50 శాతం. అదే అసలు పరీక్ష అని వాళ్లెవరికీ తెలియదు. నేర్చినవాళ్లలో కూడా సగంమంది కూర్చునే ఉన్నారు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఆళ్లగడ్డనుంచి అహోబిలం బస్సులో అట్లాంటి పరీక్ష రోజూ జరుగుతుంది. ఈ పున్నమినుంచి వచ్చే పున్నమిదాకా ఒక పని చేద్దాం. రోజూ పడుకునేముందు పది నిమిషాలు మైత్రీ భావన చెయ్యండి. మొదట ఇంట్లోవాళ్లకు, తర్వాత పేటకు, తర్వాత ఎవరి పేరు తలిస్తే మీ గుండె బిగుసుకుంటుందో వాళ్లకు. పక్కనే ఒక కాగితం పెట్టుకొని, ఆ రోజు ఎక్కడ లేచారో, ఎక్కడ కూర్చునే ఉండిపోయారో రెండు మాటలు రాయండి. మీ పేరు రాయక్కరలేదు. వచ్చే పున్నమి కూడికకు ఆ కాగితాలు తీసుకురండి, కలిపి చదువుదాం.